కనిపించని కుట్టుకి తగిన కెమెరా

సెప్టెంబరు 4

చంటీ,

నీ ఉత్తరం చేరింది. నేను బాగానే ఉన్నాను. వంట కుదురుతోంది. గిన్నెలు మాడడం తగ్గింది.

నువ్వు ఫోను చేసినప్పుడు మాట్లాడలేకపోయాను. నువ్వూ మాట్లాడలేదు. ఇద్దరం ఫోను చెవికి ఆనించుకుని అవతలివాడి ఊపిరి వింటూ కూర్చున్నాం. అందుకే ఉత్తరం. కాగితం మీద నేను కాస్త నయం.

పగలంతా లాండ్రీలో ఉంటున్నాను. మీ అక్క అన్నేళ్ళూ కూర్చుని చిరిగిన బట్టలకి రఫూ చేసిన కిటికీ పక్కనే. ఆమె పోయాక కూడా లాండ్రీ ఆయన ఆ కుర్చీ తీయలేదు. "మీరు కూర్చోండి సార్, ఖాళీగా ఉంటే నాకే బాగోలేదు" అన్నాడు. కిటికీ బయట చెట్టు బాగా పెరిగింది.

ఒక సాయం కావాలి. డిజిటల్ కెమెరా కొనాలి. స్టూడియో నడిపేవాడివి, ఏది కొనాలో నువ్వే చెప్పాలి. ఫోనుతో తీయొచ్చు కదా అనకు. తీసి చూశాను. పనికిరాలేదు. మెగాపిక్సెల్స్ ఎక్కువున్నది కొనమని పక్కింటాయన అన్నాడు. నిజమేనా?

తీయాల్సినవి చాలా చిన్నవి. తేలిగ్గా కంటపడవు. వచ్చి కొద్ది రోజులుండి వెళ్ళిపోతాయి. చలి ముదిరాక ఒక్కటీ ఉండదు. ఈలోపే తీయాలి. తీయలేకపోతే నాకు ఇంకేమీ మిగలదు.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

మీ బావ

*

సెప్టెంబరు 9

బావా,

పొద్దున్నే నీ ఉత్తరం అందింది. స్టూడియో షట్టరు సగం ఎత్తి, అలాగే వంగి నిలబడి చదివేశాను. నడుం పట్టేసింది. ఆ పాపం నీదే.

అక్క పోయాక నువ్వు "నాకిది కావాలి" అని నోరు తెరిచి అడగడం ఇదే మొదలు. మా ఆవిడకి చదివి వినిపించాను. "అన్నయ్యగారు తేరుకుంటున్నారు" అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పిట్టలు కదూ! నాతోనా దాచేది? కిటికీ, చెట్టు, చిన్నవి, కంటపడవు, చలికి ఎగిరిపోతాయి. మా బావ పిట్టల్లో పడ్డాడు. పడు బావా, పడు. ఇంతకంటే మంచి పిచ్చి ఉండదు.

ఇక విను. నా దగ్గరికి రోజూ ఎవరో ఒకరొచ్చి "అన్నిటికంటే మంచి కెమెరా ఏదండీ?" అంటారు. అన్నిటికంటే మంచి చెప్పులు ఏవి అని అడిగినట్టు. ముందు నీ కాలు చూపించవయ్యా అంటాను. నేను అడిగేవి మూడే. ఏం తీస్తావు? ఎలాంటి వెలుతుర్లో తీస్తావు? తీసింది ఏం చేసుకుంటావు? ఈ మూడూ చెప్పగలిగితే కొట్టువాడు నిన్ను ముంచలేడు.

మెగాపిక్సెల్స్ సంగతి పక్కింటాయనకే వదిలేయ్. ఇప్పుడొచ్చే ఏ కెమెరాలో అయినా సరిపడా ఉన్నాయి. ఇంట్లో ఎన్ని గదులుంటే ఏం, కిటికీ లేకపోతే? కెమెరాకి కిటికీ లెన్సు. దాన్ని చూసి కొనాలి.

నీకు కావాల్సింది పొడుగు జూమ్. పెట్టె మీద "ఆప్టికల్" అని ఉన్నదే చూడు. లెన్సు నిజంగా ముందుకు జరిగి దూరపుదాన్ని దగ్గరికి తెస్తుంది. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీయడం. దాన్ని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా నమ్మకు. కంటికి ఆనించుకుని చూసే వీలున్నది తీసుకో, ఎండలో వెనకున్న తెర కనిపించదు. మెడలో వేసుకుని కాసేపు కొట్లోనే అటూ ఇటూ నడువు. బరువనిపించిన కెమెరా వారం తిరక్కుండా అల్మారా ఎక్కుతుంది.

మీ ఊరి పెద్ద కొట్టాయన నాకు తెలుసు. నా పేరు చెప్పు. నచ్చకపోతే మార్చి ఇస్తాడు.

మొదటి పిట్ట నాకే పంపాలి.

నీ చంటి

*

సెప్టెంబరు 17

చంటీ,

కెమెరా కొన్నాను. నువ్వు చెప్పిన రకమే. మంచి కెమెరా. లాండ్రీ గుమ్మంలో నిలబడి దూరపు మేడ మీది నీళ్ళ ట్యాంకు అక్షరాలు చదివాను. తయారుచేసిన కంపెనీ పేరుతో సహా.

నా పనికి మాత్రం కుదరలేదు. బల్ల మీద పెట్టినదానికి ఫోకస్ రాదు. కుర్చీ వెనక్కి జరిపాను. రాలేదు. ఇస్త్రీ బల్ల దాకా వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళాను. లాండ్రీ ఆయన వేడి ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. "ఇంకో అడుగు వేస్తే బస్సు కింద పడతారు సార్. గుడ్డని చూడడానికి అంత దూరం వెళ్ళేవాణ్ణి మిమ్మల్నే చూశాను" అన్నాడు.

నేను పిట్టలని రాయలేదు. తీయాల్సినవి కోట్లు. మీ అక్క కోట్లు, శాలువాలు. ఒక్కొక్క పోగూ కనిపించేలా దగ్గరగా తీయాలి. తీసిన వెంటనే వెళ్ళిపోతాయి. తీసుకెళ్ళేవాళ్ళు తొందరపెడుతున్నారు. ఈ వారమే కొన్ని వెళ్ళాయి.

దీనికి ఏ కెమెరా?

మీ బావ

*

సెప్టెంబరు 22

బావా,

రెండుసార్లు రాసి చించేశాను. ఇది మూడోది. ఎలా వస్తే అలా పంపేస్తాను.

అక్క బట్టలు అమ్మేస్తున్నావా?

ఏడాది కూడా తిరగలేదు. నాకొక్క మాట రాస్తే బండి కట్టించుకుని వచ్చి అన్నీ తెచ్చుకునేవాణ్ణి. మా ఇల్లు ఇరుకే, కాదనను. మంచం కింద పెట్టుకునేవాణ్ణి. ఎవరో ఫోటో చూసి, బేరమాడి, తీసుకెళ్ళడానికి తొందరపెడుతున్నారా? నువ్వు వాళ్ళ కోసం పోగు పోగూ కనిపించేలా ఫోటోలు తీసి చూపిస్తున్నావా?

ఇంట్లోకి కొత్త మనిషెవరైనా వస్తున్నారా బావా? వస్తే రానీ. ఒంటరిగా ఉండమని నేనెప్పుడూ అనలేదు, అనను కూడా. మా ఆవిడ ఈ ముక్క కొట్టేయమంది. నేను కొట్టేయను. కానీ అల్మారా ఖాళీ చేయడానికి ఇంత తొందరెందుకు?

పిట్టల కెమెరా అని అంత సంబరంగా రాశాను. వెర్రివెధవని.

అమ్మేవాటికి ఏ కెమెరా అని నన్ను అడక్కు.

చంటి

*

సెప్టెంబరు 27

చంటీ,

మీ అక్క బట్టలు అల్మారాలోనే ఉన్నాయి. ఆ తలుపు నేనింకా తీయలేదు. కొత్త మనిషెవరూ రావడం లేదు. ఆ ముక్క కొట్టేయమన్న మీ ఆవిడకి నా ఆశీస్సులు.

నీకు కోపం రావడం సబబే. నేను సరిగ్గా రాయలేదు. ఈసారి పొడుగ్గా రాస్తాను.

చలికి ముందు అందరూ ఉన్ని కోట్లు ఉతకడానికి వేస్తారు. ఈ ఊరి కోట్లలో చాలావాటికి ఎప్పుడో ఒకప్పుడు మీ అక్క రఫూ చేసింది. పురుగు కొట్టినవి, నిప్పురవ్వ పడినవి, మేకుకి తగిలి చిరిగినవి. అవి రాగానే లాండ్రీ ఆయన గుర్తుపట్టి "ఇది అమ్మగారి కోటు" అని పక్కన పెడతాడు. ఆ మాట నాకూ అలవాటైంది. అలాగే రాసేశాను. ఉతికి ఆరిన కోటు సొంతదారు వచ్చేదాకా నా బల్ల మీద ఉంటుంది. తర్వాత వెళ్ళిపోతుంది. అదీ సంగతి.

ఆమె బయటి దారం వాడేది కాదు. కోటు కింది అంచు మడత విప్పి, ఎవరూ చూడని చోటు నుంచి అదే గుడ్డ పోగులు లాగేది. వాటిని కన్నం మీద నిలువుగా పరిచి, అడ్డంగా ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి నేసేది. కన్నం దాటి, చుట్టూ బాగున్న గుడ్డలోకి కూడా కొంత దూరం తీసుకెళ్ళేది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియకూడదు. అయ్యాక నా చేతికి ఇచ్చేది. "వెతకండి" అనేది. నేను ఎక్కడైనా వేలు పెట్టి చూపిస్తే కత్తెర తీసి మొత్తం విప్పేసేది. "కనిపిస్తే అది అతుకు, రఫూ కాదు" అనేది. తర్వాత్తర్వాత నాకు వేలు పెట్టే చోటు దొరకలేదు.

రిటైరయ్యేదాకా నా ఉద్యోగం పటాలు గీయడం. నా గీతలు ఆఫీసు గోడల మీద ఇంకా ఉన్నాయి. మూలన పేరు కూడా ఉంది. ఆమె నాకంటే ఎక్కువ పని చేసింది. నాకంటే బాగా చేసింది. బాగా చేసింది కాబట్టే ఒక్కటీ కనిపించదు. ఆ కోట్లు కూడా పాతబడి ఒక్కొక్కటే పోతాయి.

నాకు ఒక్క ఫోటో కావాలి. అందులో మీ అక్క చెయ్యి కనిపించాలి. అంతే.

అంచు మడత విప్పి చూస్తే పోగులు తక్కువైన చోటు తెలుస్తుంది. అంటే రఫూ ఉందన్నమాట. ఎక్కడుందో మాత్రం దొరకడం లేదు. నిన్న బస్సు నడిపే ఆయన కోటు కోసం వచ్చాడు. "చిరుగు ఎక్కడండీ?" అని అడిగాను. కోటు అటూ ఇటూ తిప్పాడు. "ఎడమ చేతికి... కాదు, కుడి. ఏమో సార్, చిరిగినప్పుడు మా ఆవిడ తిట్టిన తిట్లు గుర్తున్నాయి గానీ చోటు గుర్తులేదు" అన్నాడు.

ఇప్పుడు చెప్పు, దీనికి ఏ కెమెరా?

మీ బావ

*

అక్టోబరు 2

బావా,

నన్ను చెప్పుచ్చుక్కొట్టు. మా ఆవిడ ఆ పని మాటలతో చేసేసింది. ఉత్తరం చదివి "మీ అన్నయ్యగారికి నువ్వే క్షమాపణ రాయి" అన్నాను. "నోరు జారింది నేనా?" అంది. కాబట్టి నేనే రాస్తున్నా. తప్పైపోయింది బావా.

ఇప్పుడో సంగతి చెప్పాలి. మా స్టూడియోలో ఒక నల్ల కోటుంది. పాస్‌పోర్టు ఫోటోకని వచ్చేవాళ్ళకి తగిలించడానికి. లావాటివాడికి ముందు గుండీలు వదిలేసి, సన్నటివాడికి వెనక పిన్నులు పెట్టి, అందరికీ అదే. ఎప్పుడో లైటు తగిలి కాలితే అక్కకి పంపాను. "గుండీలు గట్టి చేశాన్రా" అని తిరిగి పంపింది. అంతే అనుకున్నాను. నీ ఉత్తరం చూసి కింది అంచు విప్పాను. లోపల పోగుల్లేవు. లాగేసి ఉన్నాయి!

ఇక వెతకడం మొదలుపెట్టాను. ఉన్న లైట్లన్నీ వేశాను. నా దగ్గరున్న లెన్సులన్నీ పెట్టాను. కాలిన చోటు ఛాతీ దగ్గరని బాగా గుర్తు. ఛాతీ మొత్తం వెతికాను. ఫోటోకి వచ్చినాయన "నాకెప్పుడు తొడుగుతారండీ?" అని అడిగి అడిగి వెళ్ళిపోయాడు. దొరకలేదు బావా. ఈ ఊళ్ళో సగం మంది పాస్‌పోర్టుల్లో అక్క పని ఉంది. అధికార్లు ముద్ర కూడా వేశారు. ఒక్కడికీ తెలీదు. నాకే తెలీదు.

నా చిన్నప్పుడు నిక్కరు చిరిగితే కుట్టేసి "ఎక్కడో చెప్పరా, చెబితే నా బిస్కెట్టు నీకే" అనేది. ఒక్క బిస్కెట్టూ గెలవలేదు.

కెమెరా సంగతి. నా మూడు ప్రశ్నలకీ ఇప్పుడు జవాబుంది. తీసేది పోగులు. వెలుతురు కిటికీది. చేసుకునేది ఒక పెద్ద ప్రింటు. కాబట్టి పొడుగు జూమ్ వెనక్కి ఇచ్చేయ్. కొట్లో అడగాల్సింది "ఎంత దూరం చూస్తుంది?" అని కాదు, "ఎంత దగ్గరికి చూస్తుంది?" అని. మాక్రో అంటారు. లెన్సుకి రెండు వేళ్ళ దూరంలో ఉన్నదానికి కూడా ఫోకస్ కుదరాలి. కొట్లోనే నీ చొక్కా మీద పరీక్షించు. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా చూపిస్తే కంగారు పడి కొనేయకు. దానికి మాక్రో లెన్సు వేరే. పైగా అంత దగ్గర్లో అది ఒక పోగుని చక్కగా చూపించి పక్క పోగుని మసక చేస్తుంది. జేబులో పట్టే బుల్లి కెమెరాకి లోపల బొమ్మ పట్టే సెన్సారు చిన్నది కాబట్టి గుడ్డంతా ఒకేసారి తేటగా వస్తుంది. నీ పనికి చిన్నదే నయం.

స్టాండు తప్పదు. టైమరు పెట్టి చెయ్యి తీసేయ్. వేలితో నొక్కినా అంత దగ్గర్లో భూకంపమే. ఫ్లాష్ ఆపేయ్. అది ఎదురుగా కొట్టి నీడలన్నీ చంపేస్తుంది. వెలుతురు పక్కనుంచి, బాగా వాలుగా రావాలి. సాయంత్రపు ఎండ నేల మీద పాకినట్టు. అప్పుడు ప్రతి పోగుకీ నీడ పడుతుంది. అక్క తప్పించుకోలేదు.

పట్టుకో బావా.

నీ చంటి

*

అక్టోబరు 12

చంటీ,

కెమెరా మార్చాను. కొట్టాయన మంచివాడు. నా చొక్కా చేతిని లెన్సు ముందు పెట్టి చూస్తుంటే నవ్వలేదు.

నువ్వు చెప్పినవన్నీ నిజం. పోగుకీ పోగుకీ మధ్య సందు కనిపిస్తోంది. ఉన్ని మీది నూగు కూడా. గుడ్డ ఇలా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియదు. నేసిన గుడ్డని ఇంత దగ్గరగా చూసుకుంటూ బతికిన మనిషితో ఒకే ఇంట్లో ఉన్నాను.

కోటు తర్వాత కోటు తీస్తున్నాను. జానెడు జానెడు చొప్పున, మెడ నుంచి అంచు దాకా. అన్నీ గుడ్డే. పోగు మీద పోగు, సాఫీగా, చివరిదాకా. ఎక్కడో ఒకచోట అది మిల్లు నేసింది కాదు, మీ అక్క నేసింది. ఎక్కడో తెలియదు.

లాండ్రీ ఆయన కెమెరా వెనక తెరలోకి తొంగి చూశాడు. "సార్, ఇంత కష్టపడి ఉత్త గుడ్డ తీస్తున్నారు. మా గోడని తీసినా ఇలాగే వస్తుంది" అన్నాడు. ఇస్త్రీ పెట్టె మళ్ళీ అందుకుంటూ "అమ్మగారు గెలుస్తున్నారు" అన్నాడు.

నిజమే. గర్వంగానే ఉంది. కానీ ఇన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. చలి మొదలైంది. బల్ల మీద కోట్లు తగ్గుతున్నాయి.

మీ బావ

*

అక్టోబరు 16

బావా,

కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి కవర్లో పెట్టి నాకు పంపేయ్. నీ కెమెరా వెనక ఉన్నది అగ్గిపెట్టంత తెర. అందులో ఏం కనిపిస్తుంది? నా దగ్గర పెద్ద తెరుంది. ఒక్కోటీ సాగదీసి చూస్తా. ఏది బాగుంటే అది గుమ్మమంత ప్రింటు వేయించి పంపుతా. నా ఖర్చు. బిస్కెట్టు బాకీ అనుకో.

బెంగపడకు. వీలైనన్ని తీస్తూ ఉండు.

నీ చంటి

*

అక్టోబరు 20

చంటీ,

కార్డు ఇందులో పెట్టాను. చివరిది చూడు. బూడిదరంగు కోటు. మీ అక్క ఆఖరిగా చేసింది.

అదొక్కటే పెద్దదిగా వేయించు. మిగతావి వద్దు.

నేనేమీ రాయను. చూస్తే నీకే తెలుస్తుంది.

మీ బావ

*

అక్టోబరు 27

బావా,

ప్రింటు గొట్టంలో చుట్టి విడిగా పంపాను. జాగ్రత్తగా విప్పు.

చూడగానే తెలిసింది బావా! ఏం వెలుతురది! పక్కనుంచి పాకుతూ వచ్చి ఒక్కో పోగుని లేపి నిలబెట్టింది. మొదటిసారి కెమెరా పట్టినవాడు తీశాడంటే మా వాళ్ళెవరూ నమ్మలేదు. నా దగ్గర పనిచేసే ఆవిడ "మీ బావగార్ని మన స్టూడియోకి రమ్మనండి, మీరు ఇంటికెళ్ళిపోండి" అంది.

ఒక్కటే చిన్న లోపం. పై భాగంలో కొంచెం ఎడమకి, వెంట్రుకలాంటి గీతొకటి మెలి తిరిగి ఉంది. లెన్సు మీద ఏదో పడి ఉంటుంది, ఇకమీదట మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉండు. నువ్వేం కంగారు పడకు, నేను కంప్యూటర్లో తీసేశాను. పొద్దస్తమానం జనాల మొహాల మీద మొటిమలూ మచ్చలూ తుడిచేవాణ్ణి, ఇదో లెక్కా అనుకున్నాను. అబ్బో! మొహం సులువు బావా, గుడ్డ కష్టం. చర్మం ఎలా అతికినా నప్పుతుంది. గుడ్డలో ఒక్క పోగు వరస తప్పితే కన్ను నేరుగా అక్కడికే పోతుంది. చుట్టుపక్కల నుంచి పోగులు తెచ్చి ఒక్కొక్కటే వరస చూసుకుంటూ పెట్టాను. రోజంతా పట్టింది. ఎక్కడ చేశానో కనిపెట్టు చూద్దాం!

కార్డు కూడా గొట్టంలోనే ఉంది. ఖాళీ చేసి పెట్టాను, మళ్ళీ వాడుకో. మా దగ్గర అదొక నియమం. పని అవగానే కార్డు ఖాళీ. లేకపోతే ఒకరి పెళ్ళికొడుకు ఇంకొకరి ఆల్బంలో తేలతాడు. ఒకసారి తేలాడు కూడా.

అక్క ఆఖరి కోటు మా గోడ మీద కూడా ఒకటి పెట్టుకున్నాను.

నీ చంటి

*

నవంబరు 2

చంటీ,

ప్రింటు చేరింది. కార్డు కూడా.

అది లెన్సు మీద పడ్డది కాదు. అది మీ అక్క పని.

అన్ని కోట్లలోకీ అదొక్కటే నాకు కనిపించింది. ఆఖరి నెలల్లో ఆమె వేళ్ళకి స్పర్శ తగ్గింది. సూది పట్టుకున్నదీ లేనిదీ తెలిసేది కాదు. కంటితో చూసుకుంటూ వేసేది. అప్పటికే పని మానేసింది. కానీ ఆ కోటు ఒక నర్సుది. డ్యూటీకి వెళ్ళడానికి ఆమెకి ఇంకోటి లేదు. అందుకని ఒప్పుకుంది.

నేను తీసిన ఫోటోలో అంతా ఉంది. మొదటి వరసలు సాఫీగా ఉన్నాయి. ఒకచోట పోగు రెండింటి మీదుగా దూకింది. తర్వాతి వరసలో దాన్ని సర్దడానికి కిందనుంచి తీసుకొచ్చింది. అదీ జారింది. మళ్ళీ వెళ్ళింది. అక్కడి నుంచి చివరిదాకా తప్పు లేదు. వేళ్ళకి ఏమీ తెలియకుండా అన్ని వరసలు ఎలా వేసిందో. మిగతా కోట్లలో ఆమె ఎంత బాగా చేసేదో చూశాను. ఇందులో ఎంత కష్టపడి చేసిందో చూశాను. కెమెరా ముందు నుంచి చాలాసేపు లేవలేదు.

పని అయ్యాక నాకు ఇవ్వలేదు. "వెతకండి" అనలేదు. విప్పుదామని కత్తెర తీసింది. అప్పటికే నర్సు గుమ్మంలో నిలబడి ఉంది.

అసలు ఫోటో నీ దగ్గర ఉందా? ఉంటే పంపు. కోటు మళ్ళీ తీయడానికి లేదు. ఆ నర్సుకి బదిలీ అయింది. కోటు తీసుకుని ఊరు మారిపోయింది. ఎక్కడికో లాండ్రీ ఆయనకి తెలియదు.

నేనే రాయాల్సింది. రాయలేకపోయాను.

మీ బావ

*

నవంబరు 8

బావా,

లేదు.

సరిచేసింది పాతదాని మీదే దాచాను. ఎప్పుడూ అలాగే చేస్తాను. పోయిన ఫోటోలు వెనక్కి తెచ్చే ఆయన దగ్గరికి కంప్యూటరు మోసుకుంటూ వెళ్ళాను. రెండు రోజులు పెట్టుకున్నాడు. రాదన్నాడు. కార్డులో ఇంకేమైనా దొరకొచ్చట. దాని మీద నువ్వు కొత్తవేమీ తీయకుండా ఉంటే వెంటనే పంపు. తీసేసి ఉంటే చెప్పు.

నాకు మొదట చెయ్యి అక్కడికే పోయింది బావా. ఫోటో అంతా వదిలేసి ఆ గీత దగ్గరే ఆగాను. ఎంత అందంగా మెలి తిరిగిందో అని కూడా అనుకున్నాను. అనుకుని తుడిచేశాను. అక్కని నా చేత్తో తుడిచేశాను.

నన్ను తిట్టి ఒక ఉత్తరం రాయి. ఈ ఒక్కసారి పొడుగ్గా రాయి.

చంటి

*

నవంబరు 12

చంటీ,

నువ్వు సరిగ్గా తినడం లేదని మీ ఆవిడ ఫోను చేసింది. తిను.

కార్డు మీద అప్పటికే కొత్త కోట్ల ఫోటోలు తీశాను. ఇక వెతక్కు. తిట్టడానికి కూర్చుంటే ఇలా వచ్చింది.

ఆ గీత ఎక్కడ ఉండేదో నాకు తెలుసు. ప్రింటు బల్ల మీద పరిచి అక్కడ భూతద్దం పెట్టాను. లేదు. పక్కన చూశాను. లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కాగితం వంచి, వెలుతురు పక్కనుంచి పడేలా చూశాను. నువ్వు నేర్పిన పద్ధతే. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియలేదు.

నువ్వేం చేశావో ఆలోచించాను. అదే గుడ్డ నుంచి పోగులు తెచ్చావు. తప్పిన చోట ఒక్కొక్కటే పరిచావు. బాగున్న చోటులోకి కొంత దూరం తీసుకెళ్ళావు. నీకు రఫూ ఎవరూ నేర్పలేదు. ఆమె పనిచేస్తుంటే నువ్వు ఎప్పుడూ బిస్కెట్టు వైపే చూసి ఉంటావు. అయినా వచ్చింది. ఆమె విప్పుదామనుకుని విప్పలేకపోయింది ఆ ఒక్క చోటే. ఈ ప్రింటు ఆమె చేతికిస్తే నాలాగే వెతికేది. కత్తెర తీసేది కాదు.

నాకు కావాల్సిన ఫోటో ఇది కాదు. అది ఒక పూట నా దగ్గర ఉంది. చూశాను. నీకు అబద్ధం రాయను, అది చాలదు. కానీ ఇది మంచి పని. నువ్వు అంత మంచి పనివాడివని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ప్రింటుకి చట్రం కట్టించి లాండ్రీలో పెట్టాం. కుర్చీ వెనక గోడకి. లాండ్రీ ఆయనే మేకు కొట్టాడు.

నిన్న ఒకావిడ కోటు పట్టుకుని వచ్చింది. ఫోటో వైపు చూసి "ఇదేంటండీ, ఉత్త గుడ్డ?" అంది.

"రఫూ చేసిన గుడ్డమ్మా" అన్నాడు లాండ్రీ ఆయన.

"ఎక్కడ చేశారు?"

ఆయన నా వైపు చూశాడు.

"నాకూ దొరకలేదండీ" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. కోటు బల్ల మీద పడేసి, కళ్ళజోడు తుడుచుకుని, గోడ దగ్గరికి వెళ్ళి పై అంచు నుంచి వెతకడం మొదలుపెట్టింది.

మీ బావ